గసగసాల కంటే చిన్న గుల్ల: పేరెలా పెడతారు, ఎందుకు పెడతారు?

పోయిన ఎపిసోడ్‌లో డైనోసార్ల చివరి రోజుల గురించి మాట్లాడుకుంటూ, మాటల్లో మాటగా ఒక సంగతి చెప్పాను. రాజమండ్రి చుట్టుపక్కల క్వారీల్లో కొట్టే నల్లరాయి కూడా ఆ కాలపు లావాయే అని. అది విని ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, రాయి మీద డేట్ రాసి ఉంటుందా? 6.6 కోట్ల ఏళ్ళు అని ఎలా చెప్తారు?"

సరైన ప్రశ్న. రాయి మీద డేట్ లేదు. కానీ రెండు రాళ్ళ మధ్యలో ఉంది. ఇవాళ్టి ఎపిసోడ్ అంతా దాని గురించే.

గోదావరికి ఇటు కాటేరు వైపు, అటు గౌరీపట్నం, దుద్దుకూరు వైపు ఉన్న క్వారీల గోడలు చూస్తే, కింద ఒక లావా పొర, పైన ఇంకో లావా పొర కనిపిస్తాయి. ఆ రెండింటి మధ్య తెల్లగా, బూడిదగా సున్నపురాయీ మట్టీ కలిసిన పొర ఉంటుంది. అంటే ఏం జరిగిందంటే, మొదట లావా వచ్చి చల్లారింది. దాని మీదకి సముద్రం వచ్చింది, మట్టి పేరుకుంది. కొంతకాలానికి మళ్ళీ లావా వచ్చి మొత్తం కప్పేసింది. మధ్యలో ఇరుక్కున్న ఆ సముద్రపు మట్టిలో బతికిన జీవులేవో తెలిస్తే, కింది లావా దానికంటే ముందుదీ, పై లావా దాని తర్వాతదీ అని తేలిపోతుంది. అంతే లాజిక్.

కాబట్టి ప్రశ్న మారింది. రాయి వయసెంత అనేది కాదు, ఆ మట్టిలో ఉన్నది ఎవరు అనేది.

అక్కడున్నవాళ్ళలో మనకి పనికొచ్చేవి ఫోరామినిఫెరా. పేరు పెద్దది, ముద్దుగా ఫోరామ్స్ అందాం. ఒకే ఒక్క కణం ఉన్న సముద్ర జీవి. కళ్ళు లేవు, నోరు లేదు, గుండె లేదు. కానీ ఇల్లు కట్టుకుంటుంది. ఒక గది కట్టి అందులో ఉంటుంది, ఒళ్ళు పెరిగాక పక్కనే ఇంకో గది, ఆ తర్వాత ఇంకోటి. మన ఊళ్ళో పిల్లలు పుట్టినప్పుడల్లా ఒక రేకుల గది దించుకుంటూ పోయినట్టు. గుల్లకున్న రంధ్రాల్లోంచీ తలుపులోంచీ సన్నటి దారాల్లాంటి కాళ్ళు బయటికి చాపి తిండి పట్టుకుంటుంది. చాలావాటి సైజు గసగసాల గింజంతో, ఇంకా చిన్నో. చనిపోయాక కణం కుళ్ళిపోతుంది, గుల్ల అడుగుకి పడిపోతుంది. కోట్ల ఏళ్ళు అలా పడుతూనే ఉన్నాయి.

చిక్కంతా ఇక్కడే. అంతరించిపోయిన ఫోరామ్ మనకి తెలిసేది దాని గుల్లతోనే. ఖాళీ ఇంటిని చూసి, అందులో ఎవరుండేవారో, వాళ్ళు ఏ వంశమో చెప్పాలన్నమాట.

ఈ పనిలో ఈ శాస్త్రానికి పునాది వేసినాయనే తప్పు చేశాడు. ఫ్రాన్స్‌లో ఆల్సిడ్ దోర్బిన్యీ అని ఒక ప్రకృతి శాస్త్రవేత్త. సముద్రం ఒడ్డున పెరిగాడు. ఇసుకలో దొరికే ఈ గుల్లల్ని చిన్నప్పటి నుంచీ చూస్తూ, 1826లో వాటన్నిటినీ ఒక గుంపుగా చేసి పేరు పెట్టాడు. జనానికి కనబడటం లేదని సున్నపురాయి మీద వాటి పెద్ద నమూనాలు కూడా చెక్కాడు. ఇంత చేసినాయన, వాటిని ఆక్టోపస్, స్క్విడ్, నాటిలస్ ఉన్న వంశంలో పెట్టేశాడు! ఎందుకంటే నాటిలస్ గుల్ల కోసి చూస్తే లోపల గదులు గదులుగా చుట్టలు తిరిగి ఉంటుంది. వీటిదీ అలాగే ఉంది. ఇల్లు ఒకేలా ఉంది కాబట్టి బంధువులే అనుకున్నాడు.

1835లో దుజార్డాన్ అనే ఇంకో ఫ్రెంచ్ శాస్త్రవేత్త బతికున్న ఫోరామ్‌ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. లోపల ఆక్టోపస్ లేదు, ఏ అవయవమూ లేదు, జిగురు లాంటి జీవపదార్థం తప్ప. నాలుగేళ్ళలో దోర్బిన్యీ కూడా తన మాట సరిదిద్దుకున్నాడు. నాకైతే ఆయన మీద గౌరవం పెరిగింది ఈ విషయంలో. వంశం తప్పు చెప్పాడు గానీ, గదులు ఎలా అమర్చుకున్నాయి అనేదాన్ని బట్టి విడదీయాలన్న ఆయన పద్ధతిని మాత్రం మేం ఇప్పటికీ వాడుతున్నాం.

సరే, మనం ఇప్పుడు ఎలా చేస్తాం? ముందు గోడ చూస్తాం. కొన్ని ఫోరామ్స్ ఇసుక రేణువుల్ని ఏరి తెచ్చుకుని జిగురుతో అతికించి గోడ కడతాయి. కొన్నిటి గోడ పింగాణి కప్పులా పాలతెల్లగా నున్నగా ఉంటుంది. ఇంకొన్నిటిది గాజులా మెరుస్తూ, నిండా సన్న రంధ్రాలు. తర్వాత గదుల వరస. పూసల దండలా ఒకే వరసా? జడ అల్లినట్టు అటొకటి ఇటొకటి పోతోందా? జిలేబీలా ఒకే మట్టంలో చుట్ట తిరిగిందా, నత్తగుల్లలా పైకి లేస్తూ తిరిగిందా? ఆ తర్వాత తలుపు ఎక్కడుంది, చీలికలా ఉందా, కమానులా ఉందా? చివరి చుట్టులో గదులెన్ని? అంచు మీద కట్టలా గట్టిపడిన గీత ఉందా, ముళ్ళున్నాయా? ఇలా ఒక్కొక్కటే అడుగుతూ పోతే కుటుంబం, ప్రజాతి, చివరికి జాతి దాకా వస్తాం.

అమెరికాలో లోబ్లిక్, హెలెన్ టాపన్ అని భార్యాభర్తలు జీవితమంతా ఈ పనిలోనే గడిపారు. వాళ్ళు 1987లో వేసిన రెండు భారీ సంపుటాలు రెండు వేలకు పైగా ప్రజాతుల్ని వరస పెట్టాయి. చాలా ల్యాబుల్లో అదే భారతం.

చెప్పడానికి తేలిక. నేను ఎం.ఎస్సీ. జియాలజీ చదివేటప్పుడు ఏం చేశానో వినండి. ప్రాక్టీసుకి ఒక మట్టి నమూనా ఇచ్చారు. నానబెట్టాలి, జల్లెడ మీద నీళ్ళతో కడగాలి, మిగిలినది ఆరబెట్టి, నల్ల పళ్ళెంలో చల్లి, సన్నటి బ్రష్ కొన తడిపి ఒక్కో గుల్లనీ అంటించి తీయాలి. నాకు చేతికి దొరికిన జల్లెడ 150 మైక్రాన్లది. మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు. దాని మీద కడిగాను. రెండు రోజులు చూశాను. ఏమీ లేవు. "ఈ పొరలో ఫోరామ్స్ లేవు" అని నోట్‌బుక్‌లో రాసేశాను. ధైర్యంగా, కింద గీత కూడా గీసి.

మా సీనియర్ అక్క ఒకావిడ అది చూసి ఒకటే అడిగింది, "జల్లెడలోంచి పోయినదేది?" సింక్‌లో పోసేశానన్నాను. ఆవిడ ఏమీ అనలేదు, మిగిలిన మట్టి తీసుకుని 63 మైక్రాన్ల జల్లెడ మీద కడిగించింది. మళ్ళీ చూస్తే పళ్ళెం నిండా గుల్లలు. మనిషి వెంట్రుక మందానికి కొంచెం ఎక్కువ, అంత చిన్నవి. లేనివి కావు, నేను పారబోసినవి!

ఆ మట్టి ఎప్పటిదంటే సరిగ్గా డైనోసార్లు పోయిన వెంటనే పేరుకున్నది. ఇది మామూలు తప్పు కాదని తర్వాత తెలిసింది. ఆ మహా విలయానికి ముందు సముద్రంలో తేలే ఫోరామ్స్ పెద్దవి, అంచులకి కట్టలు కట్టి, నగిషీ చెక్కినట్టుండేవి. గ్లోబోట్రంకానా అని ఒక ప్రజాతి ఉంది, ఫొటో వెతికి చూడండి. ఆ గీత దాటాక అవన్నీ ఒక్కసారిగా మాయం. మిగిలినవీ కొత్తగా వచ్చినవీ అన్నీ నలుసులు. పెద్ద జల్లెడ వాడితే "విలయం తర్వాత సముద్రం ఖాళీ" అంటాం. చిన్న జల్లెడ వాడితే "అబ్బో, కొత్త జీవులు పుట్టుకొస్తున్నాయి" అంటాం. మట్టి ఒకటే, కథలు రెండు.

ఇంకో రెండు రకాల తప్పులు మీ ఫోన్ కాంటాక్ట్స్‌లోనే ఉన్నాయి. తీసి చూడండి. "నాన్న జియో", "నాన్న ఎయిర్‌టెల్" అని రెండు ఉంటాయి. మనిషి ఒక్కడే. ఇంకోచోట "రమేష్" అని ఒకటే పేరుంటుంది, ఫోన్ చేస్తే మీరనుకున్న రమేష్ కాదు. గుల్లల విషయంలో రెండూ జరిగాయి.

ఒకే జీవికి రెండు పేర్లు పెట్టిన కథ చాలా పాతది. ఈజిప్టు పిరమిడ్ల రాళ్ళలో గుండ్రటి బిళ్ళలు కనిపిస్తాయి. రెండు వేల ఏళ్ళ కిందట అక్కడికెళ్ళిన స్ట్రాబో అనే గ్రీకు భూగోళ శాస్త్రవేత్తకి, పిరమిడ్లు కట్టిన కూలీలు తినగా మిగిలిన పప్పు గింజలే అలా రాళ్ళయ్యాయని చెప్పారట. అవి న్యుమ్యులైట్స్, అంటే నాణెపు గుల్లలు. ఇవీ ఫోరామ్సే, ఒకే కణం. కానీ కొన్ని రూపాయి బిళ్ళ కంటే పెద్దవి!

శాస్త్రవేత్తలు వీటిని సేకరిస్తుంటే ఒక వింత ఎదురైంది. చాలా చోట్ల రెండు రకాలు జంటగా దొరికేవి. ఒకటి చిన్న బిళ్ళ, సంఖ్యలో చాలా ఎక్కువ. మధ్యకి కోసి చూస్తే మొట్టమొదటి గది పెద్దది. రెండోది పెద్ద బిళ్ళ, అరుదు. దాని మొదటి గది మాత్రం కంటికి ఆననంత చిన్నది. తేడా స్పష్టంగా ఉంది కదా, రెండు జాతులని రెండేసి పేర్లు పెట్టుకుంటూ పోయారు. 1890ల్లో బ్రిటన్‌లో లిస్టర్, జర్మనీలో షౌడిన్ బతికున్న ఫోరామ్స్ జీవితచక్రం గమనించాక విషయం బయటపడింది. ఈ జీవులు రెండు విధాలుగా పుడతాయి. ఒక తరంలో తల్లి కణం తన ఒంటినంతా ముక్కలుగా పంచేసి పిల్లల్ని చేస్తుంది. ఆస్తి పంపకంలో ఒక్కోదానికి బాగానే ముడుతుంది, అందుకే మొదటి గది పెద్దది. ఇంకో తరంలో రెండు అతి చిన్న బీజకణాలు కలిసి పిల్ల పుడుతుంది. దాని చేతిలో చిల్లిగవ్వ ఉండదు, మొదటి గది సూదిమొనంత. కానీ అదే తర్వాత పెద్ద బంగళా కడుతుంది. అంటే రెండు జాతులు కావు, ఒకే ఇంటి తల్లీపిల్లలు.

రమేష్ కథకి వద్దాం. ఆర్బ్యులినా యూనివర్సా అని ఇప్పటికీ బతికున్న ఫోరామ్ ఉంది. పెద్దయ్యాక పాత గదులన్నిటినీ మింగేసినట్టు ఒకే ఒక గుండ్రటి గోళం కడుతుంది. గోళానికి ఇంకేం తేడాలుంటాయి, ప్రపంచమంతా ఒకే జాతి అనుకున్నారు. 1990ల చివర్లో డీఎన్‌ఏ చూస్తే మూడు వేర్వేరు జాతులు. ఆ తర్వాత గుల్లల్ని మళ్ళీ జాగ్రత్తగా కొలిస్తే, పైనున్న రంధ్రాల సైజుల్లో తేడా ఉంది. కళ్ళ ముందే ఉంది, ఎవరూ పట్టించుకోలేదంతే.

ఆ వెంటనే, "అయితే గుల్లని చూసి పెట్టిన పేర్లన్నీ తక్కువే, అసలు జాతులు ఎక్కువ" అని అందరూ అనుకోవడం మొదలెట్టారు. అదీ తప్పే. సాక్యులిఫర్ అని ఇంకో ఫోరామ్. చివరి గది సంచిలా సాగిందా లేదా, అది ఎలా ఉంది అన్నదాన్ని బట్టి దానికి నాలుగు పేర్లు వాడుకలో ఉండేవి. 2013లో డీఎన్‌ఏ చూస్తే నాలుగూ ఒకటే జాతి!

ఇంకొకటి చెప్పి ముందుకెళ్తాను, ఇది నాకు బాగా ఇష్టం. దక్షిణావర్త శంఖం అని లక్షలు పోసి కొంటారు చూడండి, చుట్టు తిరిగే దిక్కు వేరు కాబట్టి. చల్లటి సముద్రాల్లో పాకీడెర్మా అనే ఫోరామ్ ఉంది. ధ్రువాల దగ్గర గుల్లలు ఎడమకి చుట్టుకుంటాయి, కొంచెం వెచ్చటి నీళ్ళలో కుడికి. ఒకే జాతి, చలిని బట్టి దిక్కు మార్చుకుంటుంది అని దశాబ్దాలు చెప్పుకున్నారు. డీఎన్‌ఏ ఏం చెప్పిందంటే, రెండూ వేర్వేరు జాతులే. చుట్టు తిరిగే దిక్కు చలితో వచ్చింది కాదు, పుట్టుకతో వచ్చింది. కుడివైపు దానికి 2006 నుంచి ఇన్‌కాంప్టా అనే పేరు వాడుతున్నారు. దిక్కులు తారుమారైనవి రెండిటిలోనూ కొద్దిగా ఉంటాయి, అది వేరే తలనొప్పి.

గోడని బట్టి మొదట విడదీస్తాం అన్నాను కదా, దానిక్కూడా దెబ్బ తగిలింది. ఇసుక గోడల ఫోరామ్స్ అన్నీ ఒకే వంశం కావని డీఎన్‌ఏ తేల్చింది. కొన్ని గాజు గోడలవాళ్ళకి దగ్గర, కొన్ని పింగాణి వాళ్ళకి. అసలు గుల్లే లేకుండా మంచినీళ్ళలో బతికే ఒక జీవి కూడా ఫోరామే అని తేలింది. గుల్ల లేకపోతే శిలాజం ఉండదు. అలాంటివి పూర్వం ఎన్ని ఉండేవో ఎవరికీ దొరకవు.

ఇప్పుడు మీకు డౌట్ రావాలి. బతికున్నవాటికే ఇన్ని తప్పులు పడితే, డీఎన్‌ఏ మిగలని 6.6 కోట్ల ఏళ్ళ గుల్లల సంగతేంటి?

రాజమండ్రికి తిరిగి వద్దాం. అక్కడి పొరలో వెతికిన జీవి పేరు పార్వులారుగోగ్లోబిజెరినా యూగుబినా. ఊపిరి పీల్చుకోండి. చిన్నది, ముడతలు పడినది, గుండ్రటి గదులది అని అర్థం వచ్చేలా పెట్టారు. యూగుబినా అన్నది ఇటలీలోని గుబ్బియో అనే ఊరి పాత పేరు మీద వచ్చింది. అక్కడి కొండ గోడలో, పెద్ద ఫోరామ్స్ మాయమైన గీతకి సరిగ్గా పైన, 1964లో ఇద్దరు పరిశోధకులు, లుటర్‌బాకర్, ప్రెమోలి సిల్వా, దీన్ని గుర్తించారు. 1980లో ఆల్వరెజ్ బృందం ఉల్క కథకి ఆధారమైన ఇరిడియం ప్రకటించింది కూడా ఆ గుబ్బియో రాళ్ళ నుంచే.

ఈ యూగుబినా బతికింది చాలా తక్కువ కాలం. విలయం తర్వాత పుట్టి, రెండు మూడు లక్షల ఏళ్ళలో పోయింది. భూమి లెక్కలో అది కనురెప్పపాటు. అందుకే ఇది దొరికితే చాలు, డేట్ దొరికినట్టే. ఎక్కువ కాలం బతికినది డేట్‌కి పనికిరాదు, తొందరగా వచ్చి తొందరగా పోయినదే మనకి బంగారం.

2008లో గెర్టా కెల్లర్, ఆమె సహచరులు రాజమండ్రి క్వారీల్లోని ఆ మధ్య పొరని పరీక్షించి, అందులో ఉన్నవి సరిగ్గా ఈ యూగుబినా కాలపు ఫోరామ్స్ అని ప్రకటించారు. అంటే కింది లావా విలయం దగ్గరలో ఆగింది, పై లావా విలయం తర్వాతది. ఆ లావా స్థానికంగా పుట్టింది కూడా కాదు. పడమటి కనుమల వైపు నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రవహించి వచ్చిందని భూగర్భ శాస్త్రవేత్తలు చెప్తారు. డైనోసార్లని చంపింది ఉల్కేనా, దక్కన్ లావాకి కూడా అందులో చెయ్యి ఉందా అన్న పెద్ద గొడవలో ఈ క్వారీల మట్టి సాక్షి అయ్యింది.

కానీ ఆ సున్నపురాయి గట్టిది. నేను కడిగిన మట్టిలా నానదు. గుల్లల్ని విడిగా తీయలేక, రాయినే కాగితం కంటే పల్చగా అరగదీసి వెలుతురు పెట్టి చూడాలి. బెండకాయ అడ్డంగా కోస్తే నక్షత్రం, నిలువుగా కోస్తే గింజల వరస, ఏటవాలుగా కోస్తే ఇంకేదో. రాతిలో ఒక్కో గుల్లా ఒక్కో కోణంలో తెగుతుంది. ఆ ముక్కలు చూసి, మొత్తం కాయని మనసులో కట్టుకోవాలి. పైగా ఇంత చిన్నవాటిలో, వేరే జాతి పిల్లగుల్లని పట్టుకుని పెద్దగుల్ల అనుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

అందుకే ఒక్క గుల్ల మీద ఎవరూ కేసు గెలవరు. గుంపు చూస్తారు: యూగుబినాతో పాటు ఆ కాలానివే ఇంకెవరున్నారు, అంతకు ముందు కాలపు పెద్ద గ్లోబోట్రంకానాలు లేకుండా ఉన్నాయా? తర్వాత, గుల్లలతో సంబంధం లేని వేరే సాక్షిని పిలుస్తారు. లావా చల్లారేటప్పుడు అప్పటి భూమి అయస్కాంత దిక్కుని తనలో దాచుకుంటుంది. ఆ దిక్కు అప్పుడప్పుడూ తిరగబడుతుంది. విలయం జరిగింది దిక్కు తిరగబడి ఉన్న కాలంలో. రాజమండ్రి కింది లావాలో తిరగబడిన దిక్కు ఉంది, పై లావాలో ఇప్పటిలాంటి దిక్కు ఉంది. గుల్లలు చెప్పినదానికి ఇది సరిపోయింది.

లావాలో ఎంత భాగం విలయానికి ముందు వచ్చింది, ఎంత తర్వాత అన్నది మాత్రం తెగలేదు. 2019లో ఒకే పత్రిక ఒకే సంచికలో పడమటి కనుమల లావా మీద రెండు బృందాల వయసు లెక్కలు వచ్చాయి, రెండూ రెండు రకాలుగా చెప్పాయి. నా అభిప్రాయం అడిగితే, ఉల్క దెబ్బే అసలుది అనిపిస్తుంది. కానీ ఇందులో నాకంటే పెద్దవాళ్ళు రెండు వైపులా ఉన్నారు.

ఆ తమ్ముడికి చివరగా ఒక మాట. క్వారీకి వెళ్ళకు, అక్కడ బ్లాస్టింగ్ జరుగుతుంది. ఫోరామ్స్ చూడాలంటే ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట పైపై బురద ఒక చెంచాడు చాలు. పల్చటి గుడ్డలో కట్టి నీళ్ళలో పిసికితే బురద పోయి సన్నటి ఇసుక మిగులుతుంది. ఆరబెట్టి నల్ల కాగితం మీద చల్లి, ఫోన్ కెమెరాకి పెట్టుకునే క్లిప్ లెన్స్ ఉంటుంది కదా, దానితో చూడు. నత్తలా చుట్టుకున్న తెల్లటి చుక్కలు కనిపిస్తే ఫొటో పంపు. అన్నట్టు, గుడ్డలోంచి పోయిన నీళ్ళు వెంటనే పారబొయ్యకు.

ఉంటాను ఫ్రెండ్స్.